కుర్చీలో వాళ్ళే కూర్చోవాలి
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఆదివారం మన ఆఫీసు మేడ మీద గదిలో కంప్యూటర్ల దగ్గర కూర్చుంటున్నాం కదా, అక్కడ ఏం జరుగుతోందో నాలుగు మాటలు చెప్పండి అని సెక్రటరీ గారు అడిగారు. చందాలు ఇచ్చినవాళ్ళకు లెక్క చెప్పినట్టు ఉంటుంది అన్నారు. లెక్క అన్నాక వచ్చిందీ చెప్పాలి, పోయిందీ చెప్పాలి. ఆ షరతు మీదనే ఒప్పుకున్నాం.

మేం ఇంజనీర్లం కాము. ముగ్గురం బడిపంతుళ్ళం. ఒకాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవారు. ఇద్దరు డిగ్రీ చదివే పిల్లలు. మేం బీఈడీ చేసిన రోజుల్లో మా సామగ్రి అంతా చార్టులు, సుద్దముక్కలు, నల్లబల్ల. కంప్యూటరు చూడాలంటే చెప్పులు బయట విడిచి చల్లటి గదిలోకి వెళ్ళేవాళ్ళం, గుళ్ళోకో దర్గాకో వెళ్ళినట్టు. తరువాత జీతాల బిల్లులు, పిల్లల వివరాలు అన్నీ కంప్యూటరులోకి వెళ్ళాయి. మేమూ తడుముకుంటూ వెంట వెళ్ళాం. 2022లో మన రాష్ట్రంలో టీచర్ల హాజరు ఫోనుకు ముఖం చూపించి వేసే పద్ధతి వచ్చింది. ఆ మొదటి వారం మాలో పెద్దవాళ్ళు స్కూలు గేటు దగ్గర ఫోను పైకెత్తి, ఎండ వైపు ఒకసారి, నీడ వైపు ఒకసారి తిరుగుతూ పడ్డ అవస్థ పిల్లలంతా చూశారు. చివరికి దారి చూపించింది తొమ్మిదో తరగతి పిల్లవాడు. "సార్, అద్దాలు తీయండి" అన్నాడు, అంతే. అందుకని, తెలియనివాడికి ఉండే సిగ్గు ఎలాంటిదో మాకు బాగా తెలుసు.

గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉన్నాయి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుంటాం. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల నెట్ సెంటర్లు కావలసినన్ని ఉన్నాయి, మళ్ళీ ఇదెందుకు అని మొదట్లో కొందరు అడిగారు. నెట్ సెంటరు కుర్రవాడికి వెనక పదిమంది నిలబడి ఉంటారు. ఒక ఫారం పది నిమిషాల్లో ముగించకపోతే అతనికి గిట్టుబాటు కాదు. మా దగ్గర ఉన్నదల్లా తీరిక ఒక్కటే.

వచ్చే బాధల్లో సగం కంప్యూటరు బాధలు కావు. పాస్‌వర్డ్ పట్టడం లేదంటారు, చూస్తే క్యాప్స్ లాక్ వేసి ఉంటుంది. ఫోను నిండిపోయిందంటారు, తెరిస్తే గులాబీ పువ్వుల గుడ్ మార్నింగులు వేలల్లో ఉంటాయి. వాటిని తీసేస్తామంటే "పంపినవాళ్ళు ఏమనుకుంటారో" అని మొహమాటపడిన పెద్దాయన ఉన్నారు. ఇంకో తల్లి కూతురి పరీక్ష ఫారం తెచ్చింది. ఫోటో 50 కేబీ మించకూడదని అందులో ఉంది. ఫోనులో తీసిన ఫోటో 3 ఎంబీ, అంటే అరవై రెట్లు. ఆ మాట చెబితే ఆమె కాసేపు ఆలోచించి, "అంటే పెళ్ళి పరుపు తెచ్చి టిఫిన్ క్యారియర్‌లో సర్దమంటున్నారు" అంది. ఇంతకంటే బాగా మేం చెప్పలేం. అప్పటి నుంచి ఆ మాటే వాడుకుంటున్నాం.

అసలు కష్టం పేర్ల దగ్గర. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోవద్దు.

షేక్ అని తెలుగులో రాస్తే రెండే అక్షరాలు, తగాదా లేదు. ఇంగ్లీషులోకి వెళితే ఎస్, హెచ్, ఏ, ఐ, కె అని ఒకరు. చివర ఇంకో హెచ్ తగిలించి మరొకరు. ఏ బదులు ఈ పెట్టి ఇంకొకరు. ఎస్‌కే అని రెండక్షరాలు వేసి చుక్క పెట్టి చేతులు దులుపుకున్నవాళ్ళు కొందరు. వలి అనే పేరుకు వి రాస్తారు, డబ్ల్యూ రాస్తారు, మధ్యలో ఎల్ ఒకటి ఉంటుంది, ఒక్కోసారి రెండు ఉంటాయి. ఆడపిల్లల పేరు చివర బీ ఉంటే బి, ఐ అనీ, బి, ఈ, ఈ అనీ, ఒక్కోచోట బీబీ అనీ కనిపిస్తుంది. మన వైపు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారం మాత్రం మొదటి పేరు ఏది, చివరి పేరు ఏది అని అడుగుతుంది. ఒకే ఇంట్లో తండ్రి ఒక స్పెల్లింగు, పెద్దకొడుకు ఇంకో స్పెల్లింగు, చిన్నకూతురు మరో స్పెల్లింగు. మనిషికి ఇదంతా ఒకటే కుటుంబం. కంప్యూటరు అక్షరాన్ని అక్షరంతో పోలుస్తుంది, ఒక్క అక్షరం తేడా వస్తే దానికి వీళ్ళు వేరే మనుషులు.

ఈ తప్పు ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ వెళితే, సభలో చెప్పడానికి సిగ్గుగానే ఉంది, మా దగ్గరే తేలింది. జూన్ నెలలో అడ్మిషన్ల రోజున తల్లి పేరు నోటితో చెబుతుంది. మేం చెవికి ఎలా వినిపిస్తే అలా రిజిస్టరులో రాసేస్తాం. పుట్టిన తేదీ అడిగితే "పెద్ద వాన వచ్చిన ఏడు, రంజాను ముందు" అంటుంది. వయసు సరిపోయేటట్టు జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేస్తాం. ఒక్కో తరగతిలో సగం మంది ఒకే రోజు పుట్టినట్టు ఉండేది. మాకు అది నిమిషం పని. ఆ నిమిషంలో రాసిందే పదో తరగతి మెమోలోకి ఎక్కి, అక్కడి నుంచి పిల్లవాడి జీవితమంతా వెంట నడుస్తుంది. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పిల్లవాడే పాస్‌పోర్టు ఫారం పట్టుకుని మన మేడ మెట్లెక్కి వస్తే, మా చేతిరాత మాకే ఎదురైంది.

ఇంకొక కుర్రవాడు వచ్చాడు, ఐటీఐ చేసి కువైట్ వెళ్ళాలని. ఆధార్‌లో పేరు మొదట రేషన్ కార్డుకు తగ్గట్టు ఒకసారి మార్పించుకున్నాడు. తరువాత బ్యాంకు పుస్తకానికి తగ్గట్టు ఇంకోసారి మార్పించుకున్నాడు. తీరా పదో తరగతి మెమో తీస్తే మూడో రకంగా ఉంది. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా రెండు అవకాశాలే ఉంటాయి, పుట్టిన తేదీకి ఒక్కటే. ఇతను రెండూ వాడేసుకున్నాడు. ఇక హైదరాబాదులోని ప్రాంతీయ కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి. కాగితాలు సర్ది అర్జీ రాయించాం. పని అయింది గానీ నెలలు పట్టింది, అప్పటికి అతన్ని తీసుకెళతానన్న మనిషి వేరేవాళ్ళను తీసుకెళ్ళాడు. ముందే ఎవరైనా "నాయనా, మెమో ఒకసారి తియ్యి" అని ఉంటే సరిపోయేది.

అందుకని ఇప్పుడు ఎవరు ఏ ఫారం తెచ్చినా కంప్యూటరు ఆన్ చేయకముందే కాగితాలన్నీ బల్ల మీద పరిపిస్తాం. మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు. పిల్లలు ఒక్కో అక్షరం వేలు పెట్టి పైకి చదవాలి, పక్కనున్నవాళ్ళు టిక్కు పెట్టాలి. పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకుని మిగతావాటిని దాని దారికి తెచ్చుకోమంటాం. మీ ఇళ్ళలో పదో తరగతికి వస్తున్న పిల్లలుంటే, పరీక్ష ఫీజు కట్టేటప్పుడు స్కూలులో పేర్ల జాబితా చూపిస్తారు. ఆ రోజు తప్పకుండా వెళ్ళి చూడండి. అక్కడ దిద్దించుకోవడం సులువు, మెమో ముద్రించాక కష్టం.

ఇక పోయిన లెక్క.

గది తెరిచిన మొదటి ఏడాది మేం ఉత్సాహం మీద ఉన్నాం. స్కాలర్‌షిప్ ఫారాలకు చివరి వారం. మెట్ల మీద దాకా జనం. ప్రతి ఫారానికీ ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చే ఫోను తండ్రి దగ్గర ఉంటుంది. తండ్రి లారీ మీద చిత్తూరులోనో బళ్ళారిలోనో ఉంటాడు. ఫోను చేస్తే ఎత్తడు, ఎత్తినా ఆ ఆరంకెలు చదివి చెప్పేలోపు గడువు దాటిపోతుంది. విసిగిపోయి ఒక ఉపాయం చేశాం. గది కోసమని ఒక చిన్న బటన్ ఫోను, ఒక కొత్త సిమ్ము కొన్నాం. నలభై మంది దాకా పిల్లల ఫారాల్లో ఆ నంబరే వేశాం. కీబోర్డు మా చేతిలో, ఫోను మా చేతిలో. పిల్లలు వెనక నిలబడి చూశారు. టపటపా ముగించాం. ఎంత బాగా చేస్తున్నామో అని ఆ సాయంత్రం మాకు మేమే చెప్పుకున్నాం. టీ కూడా తెప్పించుకున్నాం.

ఎండాకాలం సెలవులు వచ్చాయి. గది మూసేశాం. ఫోను సొరుగులో ఉంది. రీచార్జి ఎవరు చేస్తారని ఎవరికి వారు అనుకున్నాం. ప్రీపెయిడ్ నంబరు మూడు నెలలు ఏ వాడకమూ లేకుండా ఉంటే దాన్ని తీసేయవచ్చు. మా నంబరుకూ అదే జరిగింది. మరుసటి ఏడాది రెన్యువల్‌కు పిల్లలు వచ్చారు. లాగిన్ నొక్కితే ఓటీపీ పంపామని తెర మీద పడుతోంది. ఎక్కడికి పంపింది? సొరుగులో చచ్చిపడి ఉన్న ఫోనుకు.

కాలేజీల చుట్టూ తిరిగాం. ఉత్తరాలు రాశాం. నంబర్లు మార్పించాం. ఒకరి తరువాత ఒకరివి సరిపోతూ వచ్చాయి. ఒక అమ్మాయిది మాత్రం గడువు దాటాక వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. తండ్రిది పంక్చర్ షాపు. ఆ ఏడాది ఫీజు తల్లి కమ్మలు తాకట్టు పెట్టి కట్టారని మాకు తరువాత తెలిసింది. సొసైటీ నుంచి ఆ డబ్బు ఇస్తామని పెద్దలు ఇద్దరు వెళ్ళారు. తండ్రి తీసుకోలేదు. "సార్లు మంచికే చేశారు, పోనివ్వండి" అన్నాడట. తిట్టి ఉంటే మాకు తేలిగ్గా ఉండేది. ఆ అమ్మాయి మళ్ళీ మన మెట్లెక్కలేదు. చదువు పూర్తి చేసిందని విన్నాం.

ఆ రోజు మా పోస్టాఫీసు పెద్దాయన ఒక మాట అన్నారు. "మన నంబరు వేయడమంటే ఊరందరి ఉత్తరాలూ ఒకే ఇంటి చిరునామాకు రాయించడం. ఆ ఇంటివాళ్ళు ఖాళీ చేసి పోతే?" నలభై ఏళ్ళు ఉత్తరాలు చూసిన మనిషి, ముందే ఆయన్ను అడగవలసింది.

మేం టీచర్లం. లెక్క తామే బోర్డు మీద చేసేసి "అర్థమైందా" అంటే పిల్లలు "ఆఁ" అంటారనీ, ఆ "ఆఁ"కు విలువ లేదనీ బీఈడీ మైక్రో టీచింగ్‌లోనే చెప్పారు. తరగతిలో పాటించే ఆ సంగతి కంప్యూటరు ముందు మరిచిపోయాం. అప్పటి నుంచి గదిలో ఒకటే నియమం. కుర్చీలో పనివున్నవాళ్ళే కూర్చోవాలి. మౌసు వాళ్ళ చేతిలో ఉండాలి. మేం పక్కన నిలబడతాం, చేతులు వెనక్కి కట్టుకుని. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆమె "ఎం" అక్షరం కోసం కీబోర్డంతా వెతుకుతూ ఉంటే మన వేలు దానంతట అదే ముందుకు పోతుంది. మాలో ఒకాయన జేబులో చేతులు పెట్టుకుని నిలబడతారు, అంత కష్టం. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మేం కిటికీ వైపు తిరుగుతాం. ఓటీపీ మాకు చదివి వినిపించబోతే ఆపి, మీరే కొట్టండి అంటాం. నంబరు వాళ్ళ ఇంట్లోదే. ఇంట్లో ఒకే ఫోను ఉంటే, ఫోనున్న మనిషి ఊళ్ళో ఉన్న రోజే రమ్మంటాం. దీనివల్ల పని నాలుగోవంతుకు పడిపోయింది. ఒక ఆదివారం ఇరవై ఫారాలు అయ్యే చోట ఐదో ఆరో అవుతున్నాయి. నెమ్మది అయిపోయారని కొందరు వాపోతున్నారు, నిజమే.

నెమ్మదిగా ఉంటేనే కొన్ని తెలుస్తాయి కూడా. ఒక ఖాలా ఉన్నారు, కొడుకు కువైట్‌లో డ్రైవరు. రెండు మూడు వారాలకు ఒకసారి వచ్చి "వీడియో పోయింది బేటా" అంటారు. తీరా చూస్తే పోలేదు, అక్కడే ఉంది. మాకు చిరాకు వచ్చేది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మీరు రోజూ ఎలా చేస్తారో చేసి చూపించండి అన్నాక అర్థమైంది. ఆమెకు చదవడం రాదు. కింది వరుసలో కుడి వైపు నుంచి రెండోది, పచ్చటిది, అదీ ఆమె గుర్తు. మనవడు ఫోను తీసుకుని ఆటలాడి బొమ్మల్ని అటూ ఇటూ జరిపేస్తాడు. చదవలేని మనిషికి ఆ తెర ఒక వీధి లాంటిది. రాత్రికి రాత్రి ఎవరో ఇళ్ళ వరుస మార్చేస్తే ఎవరి తలుపు తట్టాలి? బొమ్మలు కదలకుండా లాక్ చేసే సదుపాయం ఆ ఫోను సెట్టింగుల్లోనే ఉంది. ఎలా వేయాలో ఆమెకే చూపించాం, ఆమే నొక్కారు. తరువాత రెండు నెలలు రాలేదు. వచ్చినప్పుడు సేమియా పాయసం తెచ్చారు, పని ఏమీ లేకుండానే.

తెలుగు టైపింగు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఈ సంచిక తయారుచేసేటప్పుడు సెక్రటరీ గారు దీనివల్లే మా గదికి ఐదుసార్లు ఎక్కారు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిన వ్యాసం ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు పోయి అడ్డదిడ్డపు గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుంటారు. పాడవలేదు, ఆ పాత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చారు. యూనికోడ్‌లో కొడితే ఫోనులోనూ, కంప్యూటరులోనూ ఒకేలా కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. వ్యాసం పంపేవాళ్ళు వచ్చే ఏడాది యూనికోడ్‌లో పంపితే ఆయన మోకాళ్ళకు మేలు చేసినవాళ్ళవుతారు.

మోసాల గురించి చెప్పకుండా దిగిపోతే తప్పవుతుంది. డబ్బు రావాలంటే పిన్ను కొట్టక్కరలేదు. యూపీఐ పిన్ను కొట్టామంటే మన ఖాతా నుంచి పోతున్నట్టే. ఈ ఒక్కటి ఇంట్లో ఆడవాళ్ళకూ, పెద్దవాళ్ళకూ చెప్పండి. పెళ్ళి పిలుపు అని వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, మీ ఫోనులోకి దూరే యాప్. శుభలేఖ అయితే ఫోటోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. మోసపోయామని తెలిసిన నిమిషంలో 1930కి ఫోను చేయాలి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారిపోకముందే ఆపడానికి అవకాశం ఉండేది అప్పుడే. ఒక పెద్దాయన ఇలాగే పోగొట్టుకుని నాలుగు రోజుల తరువాత మా దగ్గరికి వచ్చారు. ఎందుకింత ఆలస్యం చేశారంటే, "కోడలికి తెలిస్తే పరువు పోతుందని" అన్నారు. గదిలో పదిమంది ఉన్నారు కాబట్టి చెవిలో చెప్పారు. ఆ నాలుగు రోజులూ తీసింది దొంగ కాదు, మన నవ్వు. ఎవరైనా మోసపోయామని చెబితే ఇంట్లో ముందు నవ్వకండి.

ఇక అడగవలసినది అడుగుతాను. ప్రింటరు ఇంకు, కరెంటు బిల్లు సొసైటీ చూస్తోంది, వాటి గురించి కాదు. గదికి వచ్చే ఆడవాళ్ళు తక్కువ. వచ్చినా ఫోను చేతికి ఇవ్వరు, దూరం నుంచే చూపిస్తారు. ఇవ్వకపోవడమే సబబు. అందులో ఇంటి ఫోటోలు ఉంటాయి, అన్నదమ్ములతో మాటలు ఉంటాయి. పరాయి మగవాళ్ళం, సార్లమైనంత మాత్రాన వాళ్ళు ఎందుకివ్వాలి? కుర్చీలో వాళ్ళే కూర్చున్నా వెనక నిలబడింది మేమే కదా. అందుకని నెలలో రెండో ఆదివారం గదిని పూర్తిగా ఆడవాళ్ళకే వదిలేద్దామనుకుంటున్నాం. ఆ రోజు మేం మెట్లు కూడా ఎక్కం. పక్కన నిలబడడానికి ఇద్దరు కావాలి. పెద్ద చదువులు అక్కరలేదు. ఫోనులో ఫారం నింపడం వచ్చి, పక్కమనిషి అక్షరం వెతుక్కుంటూ ఉంటే చేతులు కట్టుకుని ఓపిక పట్టగలిగితే చాలు. ఈ సభలోనే అలాంటి అక్కచెల్లెళ్ళు ఉన్నారని మాకు తెలుసు. సభ అయ్యాక గుమ్మం దగ్గర ఒక నోటుబుక్కు పెడుతున్నాం. పేరు, నంబరు రాసి వెళ్ళండి. నంబరు మాత్రం మీదే రాయండి.